గదికన్నా చల్లని పెట్టె

"ఆసిమ్, నా మొహంలోకి చూసి చెప్పు. శనివారం నువ్వు ఆ ఇంటి గడప లోపల కాలు పెట్టావా, లేదా?"

"లేదు పిన్నిగారూ. అల్లా మీద ఒట్టు. అరుగు దాకానే వెళ్ళాను."

"ఎన్నింటికి?"

"రెండుంపావుకి. కరెంటు పోయి పావుగంటయింది."

"తిరిగి బండెక్కింది?"

"రెండూ ఇరవై అయిదు. వాచీ చూసుకున్నాను. మూడింటికి గన్నవరంలో ఇంకో కంప్యూటర్ చూడాలి."

"ఆ పది నిమిషాలూ ఏం చేశారిద్దరూ?"

ఆసిమ్ కళ్ళు దించుకున్నాడు. "తిట్టుకున్నాం. హరిబాబు అరుగు మీద అడ్డంగా కూచున్నాడు. ఒకసారి పెట్టె విప్పి చూస్తానురా అంటే, నువ్వు చూసింది చాలు, ఇంక దాని మీద చెయ్యేస్తే ఊరుకోను అన్నాడు. వచ్చేశాను."

"ఎవరన్నా చూశారా?"

"మే నెల, రెండు గంటలు. వీధిలో కాకి కూడా లేదు పిన్నిగారూ."

గురువారం పొద్దున్న తొమ్మిదీ నలభై అయింది. లాకప్పు ఊచలకి అవతల ఆసిమ్, ఇవతల స్టూలు మీద రావమ్మ. ముప్ఫై ఒక్క ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషావిడ. చదివింది ఎనిమిదో తరగతే, కానీ ఒకసారి చూసిన మొహాన్నీ, ఒకసారి విన్న టైమునీ మళ్ళీ మర్చిపోయిన పాపాన పోలేదు. ఉద్యోగం అయిపోయినా జనం వదల్లేదు. సామాను పోయినవాళ్ళూ, అనుమానాలున్నవాళ్ళూ పటమటలో ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. ఈ కేసు మాత్రం వెతుక్కుంటూ రానక్కర్లేకపోయింది. ఆసిమ్ కంప్యూటర్ షాపు ఆవిడ ఇంటి ముందుగదిలోనే ఉంది మరి. ఎనిమిదేళ్ళ పిల్లాడప్పుడు వాడు ఆవిడ రేడియో విప్పేసి, సాయంత్రానికి మళ్ళీ బిగించి పాట వినిపించాడు. అప్పట్నుంచీ ఎరుగును.

మొదలు చూడబోతే చిన్నదే, జరిగాక చూస్తే కొండంత. గన్నవరానికి పదకొండు కిలోమీటర్ల అవతల నేతపేటలో హరిబాబు అని ఇరవై ఆరేళ్ళవాడు. మగ్గం మీద నేసే చీరల అంచులకి కంప్యూటర్లో బొమ్మలు గీసేవాడు. ఆ కంప్యూటర్ అమ్మింది ఆసిమ్. అది వేసవి మొదలయ్యాక వేడెక్కి వేడెక్కి ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలెట్టింది. ఆగినప్పుడల్లా గీసిన బొమ్మ పోయేది. శుక్రవారం ఫోనులో ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. "నీ సంగతి రేపొచ్చి తేలుస్తా" అని ఆసిమ్ అనడం షాపులో ఉన్న ముగ్గురు విన్నారు. శనివారం మధ్యాహ్నం మూడూ పన్నెండుకి హరిబాబు ఆ పెట్టె మీద చెయ్యి వేసి, షాకు కొట్టి, అక్కడికక్కడే పోయాడు.

రెండు రోజులుగా స్టేషనుకి పిలిపించి అడిగి, నిన్న సాయంత్రం ఆసిమ్‌ని పట్టుకున్నారు. ఇవాళ అయిదింటికి హత్యానేరం కింద మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. జీపు నాలుగింటికి బయల్దేరుతుంది. అంటే రావమ్మ చేతిలో ఉన్నవి ఆరు గంటల ఇరవై నిమిషాలు.

"ఆ వేడి చూపించే ప్రోగ్రాము నువ్వే పెట్టావుగా?"

"నేనే. ఎంత వేడెక్కాక ఆగుతోందో తెలుస్తుందని పెట్టాను. నిమిషానికోసారి టైమూ, వేడీ రాసుకుంటుంది."

"నిన్న మీ అక్కా నేనూ షాపులో ఇంకో కంప్యూటర్ మీద వేసి చూశాం. కాలేజీ లాబొరేటరీ నుంచి గాజు థర్మామీటరు అడిగి తెచ్చి ఆ ప్రాసెసర్ పక్కనే ఆనించాను. గాజుది యాభై రెండంటే నీ ప్రోగ్రాము అరవై ఆరంది. ఒక వరసలోనైతే నూట ఇరవై ఏడట! నూట ఇరవై ఏడుంటే ఆ పెట్టె మీద అట్లు పోసుకోవచ్చు కదరా."

ఆసిమ్ అంత బాధలోనూ కొంచెం నవ్వాడు. "ఆ వరసకి లోపల కొలిచేదేమీ ఉండదు పిన్నిగారూ. ఖాళీ ఉంటే అలా చూపిస్తుంది. బోర్డు మీద వేడి తెలిసే గింజలాంటిది ఒకటుంటుంది. దాన్ని చదివే లెక్క ఒక్కో బోర్డుకి ఒక్కోలా ఉంటుంది. లెక్క కుదిరిన బోర్డు మీద సరిగ్గా చెప్తుంది, కుదరనిదాని మీద పది, పదిహేను తేడా చెప్తుంది."

"అంటే నమ్మడానికి లేదన్నమాట."

"కొంచెం కొంచెం నమ్మొచ్చు."

"కోర్టులో కొంచెం కొంచెం కుదరదు నాయనా. అబద్ధాలాడే సాక్షి అని తేల్చానంటే సగం కేసు పోతుంది." రావమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడకి నిజంగానే ధైర్యంగా ఉంది.

సీఐ జక్కయ్య వచ్చేసరికి పదకొండున్నరయింది. ఆయన గదిలో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. బల్ల మీద హరిబాబు కంప్యూటర్ పెట్టె, దాని పక్కన నాలుగు కాగితాలు. ఈ జక్కయ్య ఎస్సైగా కొత్తగా వచ్చినప్పుడు, శవ పంచనామాకి వెళ్ళి కళ్ళు తిరిగి పడిపోతే, మొహాన నీళ్ళు కొట్టి లేపింది రావమ్మే. ఆ సంగతి ఆవిడ ఎక్కడా చెప్పలేదు. ఎప్పుడు చెప్తుందోనన్న భయం మాత్రం ఆయనకి పోలేదు.

"రండి రండి డిటెక్టివ్‌గారూ. పెన్షన్ సరిపోవడం లేదా?"

"సరిపోతోంది సీఐగారూ. పొద్దు పోవడమే కష్టంగా ఉంది."

"అప్పడాలు వత్తుకోండి."

"వత్తాక మీకూ పంపిస్తాను. ముందా కాగితం ఇటు ఇప్పించండి."

ఆయన ఇవ్వలేదు, తనే చదివాడు. "శనివారం. ఒంటిగంటా యాభై తొమ్మిది, అరవై ఆరు డిగ్రీలు. రెండింటికి కరెంటు పోయింది. రెండూ నలభైకి వచ్చింది. రెండూ నలభై ఒకటికి పెట్టె ఆన్ చేశాడు, అప్పుడు ఇరవై తొమ్మిది. మూడూ పదకొండుకి నలభై నాలుగు. ఆ తరవాత ఏమీ లేదు. మిగతా రోజుల్లో అరగంట నడిస్తే అరవై దాటే పెట్టె, ఆవేళ నలభై నాలుగు. ఆ నలభై నిమిషాల్లో ఎవరో దాన్ని ముట్టుకున్నారు, ఏదో చేశారు. పెట్టెకి కరెంటిచ్చే డబ్బాలో తీగ వదులై ఇనుముకి తగిలి కాలిన మచ్చ కూడా ఉంది లోపల. రెండుంపావుకి ఆ ఇంటికి ఎవరెళ్ళారు? మీ ఆసిమ్."

"ఆ నంబర్లు ఒట్టి అబద్ధాలండీ. నేను గాజు థర్మామీటరుతో చూశాను. పధ్నాలుగు డిగ్రీల తేడా."

"ఏ బోర్డు మీద?"

రావమ్మ చూపు బల్ల మీది పెట్టె మీదికి వెళ్ళింది.

"ఇంకో బోర్డు మీద చూసుంటారు." జక్కయ్య రెండో కాగితం తీసి బల్ల మీద తట్టాడు. "మేము ఈ బోర్డు మీదే చూపించాం. ఆదివారం ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ని తీసుకెళ్ళి, కొత్త కరెంటు డబ్బా తగిలించి, అదే గదిలో, అదే టైముకి. గాజుదానికీ ప్రోగ్రాముకీ తేడా రెండు డిగ్రీలు. రెండే రెండు. ఏమంటారు?"

ఏమంటుంది! రెండు రోజులు మోకాళ్ళరిగేలా తిరిగి పట్టుకొచ్చిన ఒక్క ఆధారం, ఆయన గోటితో మీటితే ఎగిరిపోయింది. రావమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. కానీ కళ్ళు వాటి అలవాటు కొద్దీ కాగితం మీద తిరుగుతూనే ఉన్నాయి. తల్లకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం ఆవిడ ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి విద్య.

"ఆదివారం పెట్టె ఆన్ చేయగానే నంబరు నలభై రెండు అని ఉందే?"

"ఉంది."

"గది వేడి నలభై ఒకటి."

"అయితే?"

"అయితే ఏమిటండీ? కరెంటు లేకుండా నలభై నిమిషాలు పడున్న పెట్టె గదంత వేడి ఉంటుంది. మూత తీసినా అంతే, తియ్యకపోయినా అంతే. శనివారం గదికన్నా పన్నెండు డిగ్రీలు తక్కువెలా అయింది?"

"ఫ్యాను కింద పెట్టుంటాడు."

"కరెంటు లేదుగా సీఐగారూ."

జక్కయ్య మీసం మీద వేలు ఆగింది. ఒక్క క్షణమే. "సరే, ఐసు పెట్టాడేమో! ఎలాగో చల్లబరిచాడు. మీరే ఒప్పుకున్నారుగా, దానంతటది అలా చల్లబడదని. అంటే ఎవరో కావాలని చేశారు. ఆ పెట్టె సంగతి తెలిసినవాడు ఆ ఊళ్ళో ఆవేళ ఒక్కడే. థాంక్స్ రావమ్మగారూ, ఈ పాయింటు రిమాండు రిపోర్టులో రాయలేదు. ఇప్పుడు రాస్తాను."

ఆవిడకి చెంప మీద కొట్టినట్టయింది. తను వేసిన ప్రశ్నే ఆసిమ్ మెడకి ఇంకో చుట్టు చుట్టింది. ఇంకేమన్నా అంటే అదీ రాసుకుంటాడేమోనని నోరు మూసుకుని, పెట్టె వంక చూసింది. నల్లటి ఇనప మూత మీద తెల్లగా పొలుసులు కట్టిన మరకలున్నాయి, చుక్కలు చుక్కలుగా అంచు దాకా జారి ఎండిపోయాయి.

"ఇవేమిటి?"

"దుమ్ము. నేతపేట కదా."

దుమ్ము అలా జారదు. కానీ రావమ్మ ఆ మాట పైకి అనలేదు. ఆ పూట ఆయనకి ఇంకో పాయింటు ఇచ్చే ఓపిక లేదావిడకి.

బయట ప్రహరీ నీడలో సబీహా నిలబడి ఉంది, ఆసిమ్ అక్క. తమ్ముడికి తెచ్చిన టిఫిన్ గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. లోపలికి ఇవ్వనివ్వలేదు. తల్లి పోయాక వాడికి అన్నం కలిపి పెట్టి పెంచింది ఆమే.

"పిన్నిగారూ, ఏమన్నా దారి కనపడిందా?"

"కనపడిన దారి మూసుకుపోయిందమ్మా."

సబీహా ఏడవలేదు. "మా ఆసిమ్ కోపంలో వంద అంటాడు. కోపంలో ఒక్కటీ చెయ్యడు. ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. కోర్టులో మనిద్దరి మాటా చెల్లదు, కదా?"

రావమ్మ రోడ్డు మీదికి నడిచింది. ఆటోవాణ్ణి పిలిచి, "నేతపేట పోనీ బాబూ" అంది.

హరిబాబు ఇంటికి చేరేసరికి ఒంటిగంటన్నర దాటింది. పడమటి గాలి పొయ్యి మీంచి వచ్చినట్టుంది. నేలలోకి తవ్విన గుంట మగ్గం, దాని మీద సగం నేసిన ఆకుపచ్చ చీర, గోడ వారగా కంప్యూటర్ బల్ల. బల్ల మీద పెట్టె ఉండే చోటు ఖాళీగా ఉంది. రావమ్మ ముందు స్విచ్చి బోర్డు చూసింది. మూడు కన్నాల ప్లగ్గు ఉంది కానీ మూడో కన్నానికి తీగే లేదు. ఎర్తు లేదన్నమాట. ఫ్యూజు పీకి చూస్తే సన్నతీగకి బదులు బొంత కుట్టే సూదంత లావు తీగ చుట్టి ఉంది. ఎన్ని చిక్కులొచ్చినా కాలిపోకుండా చుట్టుకున్న తీగ. నేల చేత్తో తాకింది. చెమ్మగా ఉంది, చెప్పుల్లేని కాళ్ళకి అంటేంత చెమ్మ.

ఇవన్నీ మనిషి ఎలా పోయాడో చెప్తాయి. ఇరవై తొమ్మిది ఎలా వచ్చిందో చెప్పవు.

"మంచినీళ్ళు తాగండమ్మా, ఎండలో వచ్చారు." హరిబాబు తల్లి సీతమ్మ చెంబు అందించింది. మనిషి ఎండిన పుల్లలా ఉంది. భర్త పోయి పన్నెండేళ్ళు. ఇల్లూ మగ్గమూ కొడుకుతో కలిసి నెట్టుకొచ్చింది. "పోలీసులకి అంతా చెప్పానండి. ఆ సాయిబుల కుర్రాడు లోపలికి రాలేదనే చెప్పాను. నువ్వు పెరట్లో ఉన్నావు కదమ్మా, నీకేం తెలుసు అన్నారు."

"పెట్టెనెవరన్నా ముట్టుకున్నారా?"

"ఎవరూ ముట్టుకోలేదండి. అదే చెప్పాను."

రెండయింది. ఫ్యాను మూలిగి ఆగిపోయింది. సీతమ్మ పెరట్లోకి వెళ్ళి, బకెట్టులో నానేసిన మందపాటి పంచె గుడ్డ పిండీ పిండకుండా తీసుకొచ్చి, మగ్గం మీద బిగించి ఉన్న నూలు మీద పరవసాగింది.

"మైలలో ఉన్నావు, మగ్గం ముట్టుకోవచ్చా?"

"నేయకూడదండి. మగ్గంలోకి దిగడం లేదు కూడాను. కానీ ఈ గాలికి పడుగు ఎండితే పోగులన్నీ పుటపుటా తెగిపోతాయి. వాడు గీసిన ఆఖరి అంచు ఇది. పదకొండో రోజు దాకా తడి ఆరకుండా చూసుకుంటే, ఆ తరవాత నేసేస్తాను." అంచులు సర్దుతూ చెప్తోంది. "ఈ పడమటి గాలి రోజుల్లో మా పేటంతా ఇంతేనండి. మగ్గం ఆగిందంటే పడుగు మీద తడిగుడ్డ పడాల్సిందే. చిన్నప్పట్నుంచీ చేతులకి అదే అలవాటు."

పంచె అంచు నుంచి నీటిచుక్కలు జారుతున్నాయి. పడుగుకి పట్టించిన గంజి ఆ నీళ్ళలో కలిసి, చుక్క తెల్లగా ఉంది.

రావమ్మ ఒక చుక్కని వేలి మీద పట్టి చూసింది. సంచీలోంచి గాజు థర్మామీటరు తీసింది. గదిలో గాలికి పట్టుకుంది, నలభై ఒకటి. తడిగుడ్డ కింద దూర్చి, అయిదు నిమిషాలు వాచీ చూస్తూ కూచుంది. తీసి వెలుతురుకి పట్టింది. పాదరసం ముప్ఫైకి ఒక గీత కింద ఆగి ఉంది.

"సీతమ్మా," థర్మామీటరు దించి అంది, "శనివారం కరెంటు పోయాక, ఈ గుడ్డ ఎక్కడ కప్పావు?"

"పడుగు మీద ఒకటి. ఇదేమో వాడి పెట్టె మీద." అడిగినందుకు సంతోషించినట్టు మొహం ఎత్తింది. "వారం నుంచీ వేడెక్కిపోతోందమ్మా, అంటించినట్టుందమ్మా అని ఒకటే గోల. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. కరెంటు పోగానే వెళ్ళి అరుగు మీద వాలాడు. పెట్టె దగ్గరికెళ్ళి చూద్దును కదా, సెగ కొడుతోంది. పడుక్కి కప్పినట్టే దానికీ కప్పాను. వెనకాల కన్నాలున్న వైపు కూడా చుట్టాను, వేడి అక్కణ్ణుంచే వస్తోందని."

"పోలీసులకి చెప్పలేదే?"

"వాళ్ళు ఎవరన్నా ముట్టుకున్నారా అని అడిగారు. నేను ముట్టుకోలేదు కదండి, గుడ్డ కప్పాను."

"వాడు చూసి ఏమీ అనలేదా?"

"ముందు ఇదేమిటమ్మా అన్నాడు. కరెంటు రాగానే వేసి చూశాడు. ఒక్క గంతేశాడండి! 'అమ్మా, ఇటు రా, ఇరవై తొమ్మిది! ఇరవై తొమ్మిదమ్మా! ఆసిమ్‌కి చేతకానిది నువ్వు చేసేశావు' అని నన్ను పట్టుకొచ్చి ఆ నంబరు చూపించాడు. నాకు అంకెలు చదవడం వచ్చు. రెండు, తొమ్మిది. గుడ్డ తియ్యనివ్వలేదు. మధ్యలో నన్నే పిలిచి ఇంకో రెండు చెంబులు పోయించాడు." గుడ్డ అంచు సర్దింది. "వాడు నాతో నవ్వుతూ మాట్లాడింది వారంలో అదొక్కసారేనండి. పడిపోయినప్పుడు కూడా, వాడి చేతిలోకి ఊడొచ్చిన ఈ గుడ్డతోనే మొహం తుడిచాను."

రావమ్మకి ఇప్పుడు కళ్ళ ముందు అంతా వరసగా కనిపిస్తోంది. వెనక కన్నాల్లోంచి నీరు కరెంటు డబ్బాలోకి దిగింది. లోపలి కరెంటు ఇనప పెట్టె మొత్తానికీ పాకింది. ఎర్తు లేదు, నేలలోకి పోలేదు. లావు తీగ ఫ్యూజు, కాలిపోలేదు. మూడూ పన్నెండుకి హరిబాబు చెమ్మనేల మీద వట్టికాళ్ళతో నిలబడి, గుడ్డ సర్దబోయాడు. ఆ ముప్ఫై నిమిషాలూ ప్రోగ్రాము ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడలేదు. చల్లగా ఉందంది. చల్లగానే ఉంది. వేడిని కొలవమని పెట్టిన ప్రోగ్రాము వేడినే కొలిచింది, నీళ్ళ సంగతి దానికేం తెలుసు?

ఆసిమ్ బయటపడతాడు. ఆ పెట్టె మీది తెల్ల మరకల్ని గోటితో గీకి చూస్తే చాలు, గంజి. ఈ తల్లి చేత ఇప్పుడు చెప్పిందే జక్కయ్య ముందు మళ్ళీ చెప్పిస్తే చాలు. కానీ ఎందుకు చెప్పాలని సీతమ్మ అడిగితే? అడక్కుండా ఉంటుందా? మిగిలి ఉన్నది ఆ ఒక్క నవ్వు. ఆ నవ్వునీ తీసుకుని, దాని చోట్లో ఏం పెట్టాలి? ముప్ఫై ఒక్క ఏళ్ళలో చావు కబుర్లు ఎన్ని ఇళ్ళకి మోసుకెళ్ళిందో ఆవిడకి లెక్క తెలుసు, అందరి పేర్లూ తెలుసు. ఇలాంటిది మాత్రం ఒక్కటీ లేదు.

జక్కయ్యని పక్కకి పిలిచి చెప్దాం, సీతమ్మకి తెలియకుండా ఏదో ఒక దారి ఉండకపోతుందా అనుకుంది. లేదని తెలిసే అనుకుంది. వాచీ చూసింది. రెండూ ముప్ఫై ఆరు. నాలుగింటికి జీపు.

"వాడు ఒక్కడే దాచుకోలేదండి ఆ కిటుకు," సీతమ్మ తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "ఎదురింటి శ్రీదుర్గకి వీడే బొమ్మలు గీయడం నేర్పాడు, దానికీ ఇలాంటి పెట్టే ఉంది. మూడింటికి ఈ గుమ్మంలోంచే కేకేసి చెప్పాడు, దుర్గక్కా, నువ్వూ తడిగుడ్డ కప్పు, నంబరు చూడు అని. వీడు పోయాక భయపడి అది ముట్టుకోలేదు పాపం. పొద్దున్న కానిస్టేబులొచ్చి, తప్పంతా ఆ కుర్రాడు వదులు చేసిన తీగది, మీ పెట్టె బాగుంది, వాడుకోమని చెప్పెళ్ళాడట. ఇందాకే బకెట్టూ, మా ఇంకో పడుగు గుడ్డా పట్టుకెళ్ళింది. కరెంటు రాగానే మొదలెడతానంది."

రావమ్మ లేచింది. మోకాళ్ళు సహకరించలేదు, గోడ పట్టుకుంది. రెండూ ముప్ఫై ఏడు. గుమ్మం దాకా ఆరడుగులు, వీధి దాటడానికి ఇరవై. ఎదురింటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల చీకట్లో నల్లటి పెట్టె, దాని మీద తెల్లటి గుడ్డ, ముందు కుర్చీ లాక్కుంటున్న ఆడమనిషి వీపు.

"శ్రీదుర్గా!"

వినపడలేదు. వీధి చివర ఏదో బండి శబ్దం.

పరిగెత్తలేదు తను. ఎవరినన్నా పంపుదామంటే వీధిలో ఎవరూ లేరు. పక్కనే ఉన్నది సీతమ్మ ఒక్కతే, ఏమయిందండీ, ఏమయిందండీ అంటూ చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి అలా పట్టుకుని ఉండగానే రావమ్మ ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"శ్రీదుర్గా! పెట్టె ముట్టుకోకు! ఆ తడిగుడ్డ మీద చెయ్యెయ్యకు! హరిబాబుని చంపింది ఆ గుడ్డే!"

లోపల కుర్చీ దభాలున పడింది. శ్రీదుర్గ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది, రెండు చేతులూ ఖాళీగా గాల్లో పెట్టుకుని. ఆమె గడప దాటుతుండగా వీధిలో ఫ్యాన్లన్నీ ఒక్కసారి కదిలాయి. ఎదురింట్లో చిట్‌మని చిన్న శబ్దం, కాలిన వాసన. ఆమె ఇంట్లో ఫ్యూజు తీగ సన్నది, ఎగిరిపోయింది. శ్రీదుర్గ అక్కడే అరుగు మీద కూలబడింది.

రావమ్మ చేతి మీది పట్టు సడలింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. తిరగడానికి ధైర్యం చాల్లేదు.

వీధి చివర ఆగిన జీపులోంచి జక్కయ్య దిగాడు. సాక్షితో మాట్లాడ్డానికి ఈవిడ వెళ్ళిందని తెలిసి, ఆపడానికి వచ్చాడు. అరుపు ఆయనకీ వినపడింది. ఎదురింట్లోకి తొంగి చూశాడు, పెట్టె మీది గుడ్డని చూశాడు. గుడ్డ అంచునుంచి నల్లటి ఇనుము మీదికి జారుతున్న తెల్లటి చుక్కల్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. దగ్గరికి వచ్చేటప్పటికి మొహంలో పొద్దుటి వెటకారం లేదు. జేబులోంచి నోట్‌బుక్కు తీశాడు, పెన్ను మూత తీశాడు, ఏమీ అడగలేకపోయాడు.

అడిగింది సీతమ్మ. గొంతు చాలా మామూలుగా ఉంది, నూలు ధర అడిగినట్టుంది.

"రావమ్మగారూ, వాడు చల్లగా ఉందన్నాడండి. నేనూ చూశాను. రెండు, తొమ్మిది. ఆ నంబరు తప్పా?"

రావమ్మ ఇప్పుడు తిరిగింది. ఆ కళ్ళు ఒక్క మాట కోసం చూస్తున్నాయి. తప్పే తల్లీ, ఆ ప్రోగ్రాము అబద్ధం చెప్పింది, నిన్నూ వాణ్ణీ ఇద్దర్నీ మోసం చేసింది అంటే చాలు, ఆవిడ ఈ రాత్రికి బతుకుతుంది. కానీ ఆ ప్రోగ్రాము పెట్టింది ఆసిమ్. అది అబద్ధం చెప్పిందని పోలీసు నోట్‌బుక్కులోకి ఎక్కితే, చావు మళ్ళీ వాడి మెడకే చుట్టుకుంటుంది. పక్కనే జక్కయ్య పెన్ను కాగితానికి ఆనించి నిలబడి ఉన్నాడు. రెండు రోజులపాటు ఆ నంబరు తప్పని నిరూపించడానికి తిరగని చోటు లేదు ఆవిడ. ఇప్పుడు అది తప్పయితే బాగుండునని ప్రాణం కొట్టుకుంటోంది.

"చెప్పండి, తప్పా?"

"కాదు సీతమ్మా," అంది రావమ్మ. "నంబరు నిజమే."

జక్కయ్య రాసుకున్నాడు.